సూది తర్వాత సముద్రం

ఆస్పత్రి పని అయిపోయాక పిల్లాడితో తిన్నగా ఇంటికేనా? ఓ గంట ఆగితే ఏమవుతుంది?

ఉదయం ఆరున్నర. భోగాపురం జంక్షన్. విశాఖ వెళ్లే బస్సు కోసం నిలబడ్డ జనంలో ఓ చిన్న కుటుంబం. తల్లి చంకలో మూడేళ్ల బాబు. నాయనమ్మ చేతిలో సంచి. అందులో ఆస్పత్రి కాగితాల ఫైలు, మంచినీళ్ల సీసా, ఓ జత బట్టలు. బాబు మహా హుషారుగా ఉన్నాడు. బస్సెక్కబోతున్నాడు మరి!

'ఎక్కడికెళ్తన్నావురా నాన్నా?' పక్కనున్న పెద్దాయన పలకరించాడు.

'బీచీకి!' ఠక్కున చెప్పాడు వాడు.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో వాడికి చెప్పిన మాట అదే. వెళ్తున్నది మాత్రం ఆస్పత్రికి.

మధ్యాహ్నం రెండు. అదే కుటుంబం తిరుగు బస్సులో ఉంది. బాబు ఏడ్చి ఏడ్చి అలసిపోయి తల్లి భుజం మీద నిద్రపోయాడు. చేతి మీద దూది, దానిపైన ప్లాస్టరు. 'మూడు నెలలాగి మళ్లీ తీసుకురండి' అని డాక్టరు రాసిన చీటీ ఫైల్లో ఉంది. అప్పుడు వీడు బస్సెక్కుతాడా? తల్లికి అదే బెంగ.

భోగాపురం పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం. చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లలున్న తల్లులకు మాత్రం అసలైన ప్రయాణం జంక్షన్‌లో మొదలవుతుంది. జ్వరానికీ జలుబుకీ ఊళ్లోనే వైద్యం దొరుకుతుంది. కంటికో, చెవికో, గుండెకో, ఎదుగుదల లోపానికో పెద్ద డాక్టరు చూడాలంటే ఓవైపు పాతిక కిలోమీటర్లు అటూ ఇటూగా ఉన్న విజయనగరం, మరోవైపు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న విశాఖపట్నం. రోజంతా దానికే పోతుంది. కూలీకి వెళ్లే ఇల్లయితే ఆ రోజు డబ్బులూ పోతాయి. అలాంటి రోజున 'కాసేపు ఎక్కడైనా తిప్పుదాం' అని ఎవరైనా అంటే ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చే మాట ఒకటే... 'ఆస్పత్రికెల్లినోల్లు తిన్నగా ఇంటికి రావాల గానీ, సికార్లేటి?'

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ ఒక్క గంట పెద్దల సరదా కోసం కాదు. మూడు నెలల తర్వాతి ప్రయాణం కోసం!

చివర్లో ఏం జరిగింది?

మనం ఏ అనుభవాన్నయినా మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా లెక్కగట్టి గుర్తుపెట్టుకోం. బాగా బాధపడిన ఘడియ ఒకటి, అది ఎలా ముగిసిందన్నది ఒకటి... ఈ రెండే ఎక్కువగా మిగులుతాయి. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ తన సహచరులతో కలిసి ఈ సంగతి మీద చాలా పని చేశారు. పెద్దపేగు పరీక్ష చేయించుకున్న రోగులను గమనిస్తే, చివరి నిమిషాల్లో నొప్పి తగ్గినవాళ్లు పరీక్ష ఎక్కువసేపు సాగినా సరే 'అంత ఘోరంగా ఏమీ లేదు' అన్నారట. 2003లో అచ్చయిన అధ్యయనంలోనైతే అలాంటివాళ్లలో మళ్లీ పరీక్షకు వచ్చినవాళ్లూ కాస్త ఎక్కువే.

అవి పెద్దవాళ్ల మీద చేసినవి. పసిపిల్లలకు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేం. అయినా రెండు మూడేళ్ల పిల్లలున్న ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. తెల్లకోటు కనపడితే చాలు, గుక్కపెట్టే పిల్లలు ఎంతమందో! అలా ఏడుస్తారనే భయంతో 'ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా' అంటూ రెండోసారి చూపించాల్సిన తేదీని దాటేసే తల్లిదండ్రులూ ఉంటారు. మెల్లకన్నుకైనా, వినికిడి లోపానికైనా, మూర్ఛకు వాడే మందుకైనా ఆ రెండోసారే ప్రాణం. అందుకే ఆస్పత్రి రోజు ఎలా ముగిసిందన్నది చిన్న విషయం కాదు.

అబద్ధంతో మొదలెట్టొద్దు

బీచీకని చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్తే ఆ పూటకు బస్సెక్కడం తేలికే. కానీ ఆ పైన నిజంగా బీచీకి తీసుకెళ్లినా వాడు నమ్మడు. అంచేత షికారు సంగతి దాచక్కర్లేదు, ఆస్పత్రి సంగతీ దాచక్కర్లేదు. 'ముందు డాక్టరుగారు చూస్తారు. సూది వేస్తే కాస్త నొప్పెడుతుంది. అమ్మ ఎత్తుకునే ఉంటుంది. ఆ తర్వాత సముద్రం చూద్దాం...' రెండేళ్ల పిల్లలకైనా ఇంతమాత్రం అర్థమవుతుంది. అదీ ముందురోజు రాత్రో, ఆ ఉదయమో చెబితే చాలు. వారం ముందు నుంచీ చెబితే ఆ వారమంతా భయమే.

'ఏడవకపోతేనే బీచీ' అనే షరతు కూడా వద్దు. నొప్పి పుడితే ఏడవడం పిల్లల తప్పు కాదు కదా! ఏడ్చినా సముద్రం ఉంటుంది, ఏడవకపోయినా ఉంటుంది. లంచానికీ ఓదార్పుకూ ఉన్న తేడా అదే.

టీకాల నొప్పిని తగ్గించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కొన్ని సూచనలు చేసింది. అవి ఏ సూదికైనా పనికొస్తాయి. సూది వేసేటప్పుడు తల్లో తండ్రో పక్కనే ఉండాలి. చిన్నపిల్లలను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టే కంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని పొదివి పట్టుకోవడం మేలు. పాలు తాగే బిడ్డయితే ఆ సమయంలో పాలివ్వొచ్చు. కాస్త పెద్ద పిల్లలకు బొమ్మ చూపించడం, కబుర్లు చెప్పడం లాంటివి చేసి ధ్యాస మళ్లించొచ్చు. 'అస్సలు నొప్పే ఉండదు' అని మాత్రం చెప్పకూడదు.

ముందు డాక్టరునే అడగండి

అన్ని రోజులూ షికారు రోజులు కావు. పిల్లాడికి జ్వరం, వాంతులు, విరేచనాలు, ఆయాసం ఉంటే మరో మాట లేదు, ఇంటికే. మత్తు ఇచ్చి పరీక్ష చేసినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా జనం ఉన్నచోటికి వెళ్లకూడదు. తట్టు, ఆటలమ్మ లాంటి అంటురోగమని అనుమానం వస్తే ఇతర పిల్లల క్షేమం కోసం కూడా ఆగాలి. టీకా వేయించిన రోజైతే అక్కడే అరగంట కూర్చుని, బాగానే ఉన్నాడనుకున్నాక కదలాలి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడొచ్చు కాబట్టి ఆ రోజు షికారు పొట్టిగా ఉండాలి.

కంటి పరీక్ష రోజు సంగతి వేరు. కంటిపాప పెద్దదయ్యేందుకు చుక్కలు వేస్తే చాలాసేపటి వరకూ వెలుతురు చూడలేరు. కొన్ని రకాల చుక్కల ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. దగ్గరి వస్తువులూ మసగ్గా కనిపిస్తాయి. అలాంటి పిల్లాడిని మిట్టమధ్యాహ్నం ఇసుకలోకి తీసుకెళ్తే ఏడుపు తప్ప ఇంకేం మిగలదు. అంచుల టోపీ పెట్టి, చెట్ల నీడ ఉన్నచోటే చూసుకోవాలి.

అందుకే బయల్దేరే ముందు డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: 'బాబును కాసేపు బయట తిప్పొచ్చా అండీ?' జవాబు చెప్పడానికి ఆయనకు అరనిమిషం చాలు.

ఏ ఆస్పత్రికి ఏది దగ్గర?

షికారు కోసం ఊరంతా తిరగక్కర్లేదు. ఆస్పత్రికి దగ్గరగానో, ఇంటికొచ్చే దారిలోనో ఉండాలి. అంతే!

కేజీహెచ్: 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉన్నది మహారాణిపేట మెరకలో. అక్కణ్నుంచి కిందికి దిగితే బీచ్ రోడ్డే. ఆటోలో కొద్ది నిమిషాల్లో ఆర్కే బీచ్. పిల్లలకు చూపించడానికి ఇసుక, అలలు, దూరాన రేవు కోసం ఎదురుచూసే ఓడలు చాలు. ఇక్కడ సముద్రం చూడ్డానికే గానీ దిగడానికి కాదు. లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, ప్రవాహం లోపలికి లాగేస్తుంది. పిల్లాడి చెయ్యి వదలొద్దు. సూది గుచ్చిన చోట ప్లాస్టరు ఉంటే తడవనివ్వొద్దు.

రోడ్డు పక్కనే కురుసురా జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లు. పెద్ద పిల్లలకు లోపల పండగే. మరి రెండేళ్ల వాళ్లకో? లోపల దారి ఇరుకు, గుండ్రటి ద్వారాల్లోంచి దూరి వెళ్లాలి, చుట్టూ గొట్టాలూ మీటర్లూ. అప్పుడే ఆస్పత్రి గదుల్లోంచి వచ్చిన పసివాడికి అది మరో ఆస్పత్రిలా అనిపించినా ఆశ్చర్యం లేదు. బయట నుంచి 'అదుగో, నీళ్లలో మునిగే ఓడ' అని చూపిస్తే టిక్కెట్టూ అక్కర్లేదు, భయమూ ఉండదు. దానికి ఎదురుగా 2017 డిసెంబరులో ప్రారంభమైన టీయూ-142 విమానం మ్యూజియం ఉంది. విమానాన్ని బయట నుంచి చూసినా పిల్లలకు సంబరమే. సోమవారం జలాంతర్గామి మ్యూజియానికి సెలవన్న సంగతి గుర్తుంచుకోండి.

పెదవాల్తేరు: చెవి-ముక్కు-గొంతు ఆస్పత్రి, రాణీ చంద్రమణీదేవి ఆస్పత్రి ఉన్నది ఇక్కడే. చూపించుకుని బయటపడితే దగ్గర్లోనే బీచ్ రోడ్డులో వీఎంఆర్‌డీఏ పార్కు. 'వుడా పార్కు' అంటేనే ఆటోవాళ్లకు తొందరగా తెలుస్తుంది. పచ్చిక, చెట్లనీడ ఉన్న చోటు. పరుగులు నేర్చే వయసు పిల్లలకు ఇసుక కంటే ఇదే హాయి. తల్లి కూడా కాసేపు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ఉదయం నుంచీ ఓపీ వరసలో నిలబడ్డది ఆమే కదా!

హనుమంతవాక: విమ్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉన్న కూడలి ఇది. భోగాపురం వాళ్లకు ఇది ఇంటిదారి కూడా. జాతీయ రహదారి మీద మధురవాడ వైపు కొద్ది కిలోమీటర్లు వస్తే 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంటుంది. ఆ అంకె విని కంగారు పడకండి. మొత్తం చూడాలని ఎవరూ శపథం పట్టించలేదు! బ్యాటరీ బండి దొరికితే ఎక్కి, ఏనుగునో పులినో చూపించి, జింకల దగ్గర కాసేపు ఆగి వచ్చేయొచ్చు. మూడేళ్ల పిల్లాడికి రెండు జంతువులు చాలు. ఇక్కడా సోమవారం సెలవే. కంట్లో చుక్కలు వేసిన రోజైతే జూ సంగతి మరోసారి చూసుకుందాం.

విజయనగరం: ఘోషాసుపత్రికో, పట్టణంలోని పిల్లల డాక్టరు దగ్గరికో వెళ్లినవాళ్లకు 1713లో కట్టిన కోట ఉంది, గంటస్తంభం ఉంది, పెదచెరువు గట్టు ఉంది. సాయంత్రం దాకా ఉండగలిగితే కోరుకొండ రోడ్డులో విల్లు ఆకారంలో కట్టిన రామనారాయణం ఉంది. ఇవేవీ కుదరకపోతే రైల్వేస్టేషన్! నవ్వకండి. హౌరా-చెన్నై లైను, రాయ్‌పూర్ వైపు వెళ్లే లైను కలిసే జంక్షన్ అది. ప్లాట్‌ఫాం టిక్కెట్టు కొనుక్కుని, అంచుకు దూరంగా బెంచీ మీద కూర్చుంటే వచ్చే రైలు, పోయే రైలు. రెండేళ్ల వాడికి అంతకు మించిన ప్రదర్శన ఎక్కడుంది?

బస్సు ప్రయాణమే షికారైతే...

కాళ్లు పీకుతున్నాయి, చేతిలో డబ్బుల్లేవు, పిల్లాడు దిగనంటున్నాడు. అలాంటప్పుడు అన్నింటికంటే తేలికైన దారి ఒకటుంది. విశాఖ నుంచి హైవే మీదుగా కాకుండా సముద్రం పక్క నుంచి ఇంటికి రావడం.

నగరంలో 900కె బస్సు ఎక్కితే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి చేరుస్తుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చోవాలి. సముద్రం అటే ఉంటుంది. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట వలలు, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు... పాతిక కిలోమీటర్లకు పైగా సముద్రం కనపడుతూ, మాయమవుతూ దోబూచులాడుతుంది. 1861లోనే పురపాలక సంఘమైన భీమిలిలో దిగితే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత దీపస్తంభం. ఓపిక లేకపోతే అవీ వద్దు. అక్కణ్నుంచి తగరపువలస, అక్కణ్నుంచి భోగాపురం బస్సు. పిల్లాడు మధ్యలో నిద్రపోతే పోనివ్వండి. కిటికీలోంచి తగిలిన ఆ గాలే వాడి షికారు.

అయిదేళ్ల లోపు పిల్లలకు ఆర్టీసీలో టిక్కెట్టు లేదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకూ చార్జీ లేదు. గుర్తింపు కార్డు మరిచిపోకుండా ఫైల్లో పెట్టుకుంటే చాలు. అత్తాకోడళ్లకు ఈ ప్రయాణం ఖర్చు లేని షికారే!

ఒక చోటు... ఒక గంట

'ఎలాగూ వచ్చాం కదా' అన్న మాటే ఇలాంటి రోజులకు శత్రువు. ఎలాగూ వచ్చాం కదా అని బీచీ, పార్కు, కైలాసగిరి, ఆపైన జగదాంబ కూడలిలో బట్టల కొనుగోలు... సాయంత్రానికి పిల్లాడు, తల్లి ఇద్దరూ ఏడుపు మొహాలతో తేలతారు. ఒక చోటు, ఒక గంట. పిల్లాడు ఇంకా ఆడాలనుకుంటున్నప్పుడే లేవాలి, అలసి ఏడ్చేదాకా ఆగకూడదు.

వేళ కూడా చూసుకోవాలి. ఆస్పత్రి పని పదకొండింటికే అయితే నీడ ఉన్న పార్కు. మధ్యాహ్నం అయితే ముందు అన్నం, తర్వాత నీడపట్టున ఓ కునుకు, ఎండ తగ్గాక సముద్రం. తూర్పు తీరం కదా, చలికాలంలో అయిదున్నరకల్లా పొద్దుగుంకుతుంది. చివరి బస్సు కోసం పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

తినేముందు సబ్బుతో చేతులు కడగాలి, వీలైతే ఆస్పత్రిలో వేసుకున్న చొక్కా మార్చాలి. సంచిలో పెరుగన్నం డబ్బా, అరటిపళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, టోపీ, తువ్వాలు, రెండు జతల బట్టలు, ఇంటి నుంచి తెచ్చిన ఒక పాత బొమ్మ ఉంటే బెంగ లేదు. బీచీలో మురీ మిక్చర్ వాసనకు నోరూరడం సహజం. పెద్దలు తినొచ్చు గానీ నాలుగేళ్ల లోపు పిల్లలకు అందులోని వేరుసెనగ పలుకు గొంతుకడ్డం పడే ప్రమాదముంది. వేసవిలో వెళ్తే దారిలో లేత తాటి ముంజెలు కొని, పొట్టు తీసి, చిదిమి పెట్టొచ్చు.

ఇక ఆ ఫైలు! డాక్టరు చీటీ, స్కాను కాగితాలు, మందులు విడిగా ఓ ప్లాస్టిక్ కవరులో పెట్టి పెద్దవాళ్లలో ఒకరి బాధ్యతకు వదిలేయాలి. ఇసుకలో పోయిన చెప్పు మళ్లీ కొనుక్కోవచ్చు. కాగితాలు పోతే మళ్లీ మొదటికి రావాలి.

మూడు నెలలయ్యాక...

అదే జంక్షన్, అదే ఉదయం. ఈసారి తల్లి రాత్రే చెప్పింది. సూది ఉంటుందని, నొప్పెడుతుందని, తర్వాత సముద్రమని. బాబు బస్సు దగ్గర కాస్త మొరాయించాడు. నాయనమ్మ కొంగు పట్టుకుని ఎక్కాడు. ఆస్పత్రిలో ఏడ్చాడు. గట్టిగానే ఏడ్చాడు. తల్లి ఒళ్లోనే ఏడ్చాడు.

'ఓ గంట ఆగి వెళ్దాం అత్తా' అంది కోడలు. 'సికార్లేటి?' అనబోయి ఆగిపోయింది పెద్దావిడ. 900కె బస్సులో కుడివైపు కిటికీ పక్క సీటు పట్టింది కూడా ఆవిడే.

పొద్దుగూకేసరికి ఇల్లు చేరారు. ఎదురింటావిడ గుమ్మంలోంచే అడిగింది, 'ఏరా, ఎక్కడికెల్లినావు?'

'ఆస్పత్రికి. సూదేసినారు' అని ప్లాస్టరు చూపించాడు.

'అయ్యో! ఏడిసినావేటి?'

'ఊఁ... ఏడిసినాను.' కాసేపు ఆలోచించాడు. తర్వాత రెండు చేతులూ బార్లా చాపాడు. 'పేద్ద ఓడ సూసినాను!'

ఫైల్లో కొత్త చీటీ ఉంది. మళ్లీ ఆర్నెల్లకు రమ్మన్నారు. తల్లి దాన్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టింది. ఈసారి ఆ తేదీ చూస్తే ఆమెకు అంత బెంగగా లేదు.